నేను వచ్చేదాకా సంతకం పెట్టకు



నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. రెండుసార్లు చదివి మీ అత్తయ్యకిచ్చాను. ఆవిడ చదివి, మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. పొలం అన్నయ్యకు ఇస్తూ సంతకం పెట్టకపోతే పురుగుల మందు తాగుతానని మీ నాన్న అన్నాడని రాసిన చోట నీ అక్షరాలు వంకరపోయాయి. ముందు ఆ మందు డబ్బాలు కొట్టంలోంచి తీయించి ఎవరింట్లోనైనా పెట్టించు. ఆయన్ని ఒంటరిగా వదలకండి. పొలం సంగతి ఆ తర్వాత.

"నా మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు కదా మామయ్యా, ఇది బలవంతమెలా అవుతుంది?" అని అడిగావు. అవుతుంది తల్లీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ చెయ్యి పడితేనే బలవంతం అనలేదు. ఒప్పందానికి ఒప్పించాలని శిక్షాస్మృతి కాదన్న పని చేసినా, చేస్తానని బెదిరించినా, ఆస్తిని అన్యాయంగా పట్టి ఉంచినా బలవంతమే. 1917లో మద్రాసు హైకోర్టులో చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు అచ్చం నీలాంటిదే. చచ్చిపోతానని బెదిరించి ఒకాయన భార్య చేత, కొడుకు చేత తన తోడబుట్టినవాడికి హక్కు విడుదల రాయించాడు. ఒక జడ్జి కాదన్నా మిగతా ఇద్దరూ అది బలవంతమేనన్నారు. అంతకుముందు 1889లో, అదే కోర్టులో, దత్తతకు ఒప్పుకుంటేగాని మొగుడి శవాన్ని కదలనివ్వమని పదమూడేళ్ల పిల్ల దగ్గర బంధువులు పట్టుబట్టిన కేసు. ఆ దత్తత ఆమెను కట్టిపడెయ్యదని తీర్పు. అది చదివిన పూట నాకు అన్నం సహించలేదు.

మీ అన్నయ్య కోర్టుకెక్కుతానంటే మాత్రం అది బలవంతం కాదు, అతని హక్కు.

నాకు నిద్ర పట్టనిది వేరే విషయం. ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు రాశాను. ప్రతిదాని చివరా ఒక వాక్యం: ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేక నా పూర్తి సమ్మతితో రాసి ఇచ్చినది అని. పని నేర్చుకునే రోజుల్లో ఒక ముసలమ్మ వచ్చింది, చెరో పక్కా కొడుకులు. వేలిముద్ర వేయించడం నా పని. ఎడమ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్దాను. వేలు చల్లగా ఉంది, వణుకుతోంది. ముద్ర అలుక్కుపోతే మళ్లీ వేయించాను. గుడ్డతో ఆ వేలు తుడుస్తుంటే, "అయిపోయిందా బాబూ, ఇంక నన్ను తిట్టరుగా?" అంది. నేను పలకలేదు. ఆ కాగితం మీద ఆ వాక్యం నా చేతిరాతలోనే ఉంది.

అందుకే చెబుతున్నా. ఆ వాక్యం కింద నువ్వు సంతకం పెట్టి, సబ్‌రిజిస్ట్రార్ ముందు ఔనన్నాక, రేపు అది అబద్ధమని రుజువు చేయాల్సింది నువ్వే. బలవంతాన రాయించినా దస్తావేజు దానంతటది రద్దు కాదు. అదే చట్టం 19వ సెక్షన్ రద్దు కోరే హక్కు నీకిచ్చింది, నువ్వు కోరకపోతే అది నిలబడిపోతుంది. దావాకు గడువు మూడేళ్లే. ఆలోగా పొలం చేతులు మారితే నీ చిక్కు రెట్టింపు. మీ నాన్న మందు తాగుతానన్న మాట ఏ రోజు, ఎవరి ఎదుట అన్నాడో ఇవాళే తారీఖుతో రాసి పెట్టుకో.

భోంచేస్తున్నావా? మీ అమ్మ కూడా దిగులు పడితే కంచం ముందు కూచునేది కాదు.

మీ నాన్న చెడ్డవాడు కాదమ్మా. మీ అమ్మ చనిపోయిన ఏడాది నీకు జడ వేయడం నేర్చుకున్న మనిషి. కొడుకు అప్పులు చూసి బెంబేలెత్తాడు. అన్నయ్యకు ఇవ్వాలని నీకే అనిపిస్తే సంతోషంగా ఇవ్వు, ఆ కాగితం నేనే రాస్తాను. ఏడుస్తూ మాత్రం ఇవ్వకు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. బావతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా ఏ కాగితం మీదా, తెల్లకాగితమైనా సరే, సంతకం పెట్టకు.

మీ మామయ్య