తెర మీద తోటివాడి సందేహం

దుబాయ్‌లో మా అబ్బాయి లెక్కల వీడియోని ఒకేచోట మూడుసార్లు వెనక్కి తిప్పాడు. తనకొక్కడికే అర్థం కాలేదనుకుని చిన్నబుచ్చుకున్నాడు. ఇక్కడ 2018లో మొదలైన ‘మదరసా’ 5,000 అరబిక్ పాఠాల వీడియోలతో వచ్చింది. వీడియోలు బోలెడు, పక్కన కూర్చునే నేస్తమే లేడు.

జపాన్‌లో 2006లో వచ్చిన నికోనికోలో ప్రతి వ్యాఖ్యతోబాటు, అది వీడియోలో ఎక్కడ రాశారో ఆ సమయం కూడా నమోదవుతుంది. తరువాత ఎవరు చూసినా సరిగ్గా అక్కడే తెర మీద కదులుతుంది. అంటే, నిరుడు ఎవరికో వచ్చిన సందేహం ఇవాళ మావాడికి తోడొస్తుందన్నమాట!

అయితే వ్యాఖ్యలు ముసిరితే పాఠమే కనబడదు. మీరెవరైనా ఇలాంటిది తయారుచేస్తుంటే, సందేహాలూ జవాబులే ఉంచండి. బోర్డుకి అడ్డం రాకుండా కింద చూపండి. వద్దనుకుంటే ఆపేసే మీట పెట్టండి. సందేహాలు ఎక్కడ గుమిగూడాయో చూస్తే, ఏది మళ్ళీ చెప్పాలో మాస్టారికీ తెలుస్తుంది.