బ్లాగు రాస్తానంటున్న ఏడో తరగతి అమ్మాయి

సమస్య

మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి. సంక్రాంతి సెలవులకు మధిర దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లొచ్చి, కల్లంలో మిరపకాయలు ఆరబోయడం, ఏరడం గురించి తెలుగులో రెండు పేజీలు రాసింది. ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, హైదరాబాద్‌లో ఉండే పెదనాన్న కొడుకు ‘తాలుకాయ అంటే ఏంటి?’ అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు మళ్లీ కూర్చుని మొత్తం తిరగరాసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఏదో ఒకటి రాసి బ్లాగులో పెడతానంటోంది. వాళ్ల తెలుగు టీచరుగారు రాయమంటున్నారు. మావారేమో మార్కులకు పనికిరాని పని, పైగా ఫోను అలవాటవుతుంది అంటున్నారు. ఎవరెవరు చదువుతారోనని నాకు భయం. ఒత్తులు, దీర్ఘాలు చాలా తప్పులు పోతాయి, దిద్దకుండా పెట్టనిస్తే నలుగురూ ఏమంటారోనని ఇంకో బెంగ. దీనివల్ల పిల్లకు నిజంగా మేలుందాండీ? ఉంటే ఎలా రాయించాలి?

— ఒక తల్లి, ఖమ్మం

సలహా

బడి వయసు పిల్లలు వారం వారం ఒక రచన చేసి పదిమంది చేత చదివించుకోవడం వల్ల కలిగే మేలులో పెద్ద భాగం ఆ చదివేవాళ్ల నుంచే వస్తుంది. పరీక్షలో రాసే జవాబును దిద్దే ఉపాధ్యాయుడికి ఆ జవాబు ముందే తెలుసు. అందుకే పిల్లలు అక్కడ దేన్నీ విడమరిచి చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ రాదు. తెలియనివాడికి చెప్పవలసి వచ్చినప్పుడు తమకు ఎంతవరకు తెలుసో మొదటిసారి బయటపడుతుంది. తాలుకాయ విషయంలో జరిగింది ఇదే. అది రంగు పోయి తెల్లబారిన కాయ అనీ, దానికి ధర తక్కువ పలుకుతుంది కాబట్టి మంచికాయలోంచి ఏరేస్తారనీ రాస్తే గానీ హైదరాబాద్ పిల్లవాడికి బోధపడదు. కాయ ఎందుకు తెల్లబారుతుందో కూడా రాయాలంటే అమ్మమ్మకు ఫోను చేసి కనుక్కోవాల్సిందే. ఒక్క ప్రశ్న వల్ల పరిశీలన, విచారణ, వివరణ అన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఇంతకు మించిన రాత పాఠం ఏ బడిలోనూ దొరకదు.

ఈ సంగతిని 1920లలోనే గ్రహించిన ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక పల్లె బడిలో ఆయన తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి, పిల్లలు తమకు నచ్చిన విషయం మీద రాసుకున్నవాటిని వాళ్ల చేతే అచ్చు వేయించాడు. ఆ కాగితాలు దేశానికి మరో కొసన, సముద్రతీరంలో ఉన్న బ్రిటనీ ప్రాంతపు బడికి వెళ్లేవి, అక్కడి పిల్లలు రాసినవి వీళ్లకు వచ్చేవి. తమ ఊరు చూడనివాళ్లకు తమ ఊరి గురించి చెప్పాలన్న పట్టుదల ఆ పిల్లల చేత రాయించింది. తెలుగులోనూ ఇలాంటి వాతావరణం లేకపోలేదు. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు నడిపిన ‘బాల’ పత్రికలోనే 1945లో రచయిత ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ వచ్చింది. అప్పటికి ఆయన బడి వయసు కుర్రవాడు. చేతిరాత పత్రికలు, బడి గోడపత్రికలు కూడా ఒకప్పుడు ఈ పని చేశాయి. ఇప్పుడు బ్లాగు ఆ చోటును తీసుకోగలదు.

మార్కుల సంగతి తండ్రి అడగదగిన ప్రశ్నే. అమెరికాలో పరిశోధకులు స్టీవ్ గ్రాహమ్, మైఖేల్ హెబర్ట్ రాతకూ చదువుకూ ఉన్న సంబంధం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2010లో ఒక నివేదిక ఇచ్చారు. చదివిన పాఠం గురించి సొంత మాటల్లో రాసే పిల్లలకు ఆ పాఠం మరింత బాగా అర్థమవుతుందనీ, పిల్లలు రాసే మోతాదు పెరిగితే చదివి గ్రహించే శక్తి కూడా పెరుగుతుందనీ అందులో తేల్చారు. అవి ఎక్కువగా ఇంగ్లీషులో రాసే పిల్లల మీద జరిగిన పరిశీలనలు. అయినా చదివినదాన్ని తిరిగి పేర్చుకుని చెప్పడం ఏ భాషలోనైనా ఒకే రకం శ్రమ. కాబట్టి నాలుగు ఆదివారాల్లో ఒకటి సైన్సు పాఠానికో సాంఘిక శాస్త్రానికో ఇవ్వవచ్చు. చెరువు నీళ్లు ఎండాకాలంలో ఎక్కడికి పోతాయో ఖమ్మంలోని లకారం చెరువును చూపించి రాసిన పిల్లకు బాష్పీభవనాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అయితే మార్కులు వెంటనే పెరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాటి కోసమే రాయించాలని చూస్తే పిల్ల ఈ పనిని ఇంకో హోంవర్కుగా లెక్కగట్టి వదిలేస్తుంది.

తప్పుల గురించి తల్లి పడుతున్న బెంగకు కూడా పరిశోధనలో జవాబు ఉంది. గ్రాహమ్, డొలోరెస్ పెరిన్ 2007లో నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల రాతకు ఏ బోధన పనికొస్తుందో పరిశీలించారు. పిల్లలను కూర్చోబెట్టి వ్యాకరణాన్ని విడిగా నేర్పడం వల్ల రచన మెరుగుపడలేదు. రచనకు పథకం వేసుకోవడం, చిత్తుప్రతి రాయడం, తిరగరాయడం అనే వరస నేర్పినప్పుడు, ఆ పనులను తోటివాళ్లతో కలిసి చేసినప్పుడు బాగా మెరుగుపడింది. ఇంట్లో దీన్ని పాటించడం కష్టమేమీ కాదు. మొదటిసారి చదివినప్పుడు పెద్దలు ఎర్రపెన్ను పట్టకూడదు. అర్థం కాని చోట ఒకటో రెండో ప్రశ్నలు అడగాలి, అంతే. పిల్ల తిరగరాశాక, బయటపెట్టే ముందు గట్టిగా చదివించాలి. దీర్ఘం తప్పితే నాలుకకే తెలుస్తుంది. ల, ళలు, శ, ష, సలు వినికిడితో తేలిగ్గా పట్టుబడవు కాబట్టి వాటికి నిఘంటువు చూపించాలి. వారానికి రెండు మూడు మాటలకు మించి దిద్దకపోవడం మంచిది. పన్నెండేళ్ల పిల్ల రాతలో పన్నెండేళ్ల పిల్ల తప్పులు కనిపించడం సిగ్గుపడే విషయం కాదు. తల్లో టీచరో తిరగరాసి నునుపు చేసిన వ్యాసం మాత్రం పిల్లది కాకుండా పోతుంది. కృత్రిమ మేధ చాట్‌బాట్ చేత రాయించినదానికీ ఇదే వర్తిస్తుంది. ఆదివారం గడువు తీరుతుంది, పిల్లకు మిగిలేది ఏమీ ఉండదు.

టైపు చేయడం కూడా తెలుగు నేర్పే అవకాశమే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి తేలిక, కానీ సరైన మాటను యంత్రమే సూచిస్తుంది. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘క్ష’ను క, పొల్లు, ష వరసగా కొట్టి తెప్పించవచ్చు. ఒత్తు ఎలా పుడుతుందో ఆ వేళ్లకు తెలిసివస్తుంది. మొదట కాగితం మీద రాసి, తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించడం ఇంకా మేలు. ఎక్కించేటప్పుడే పిల్ల తన తప్పులు తానే పట్టుకుంటుంది, ఫోను చేతిలో ఉండే సమయమూ తగ్గుతుంది. ఫోను గురించి తండ్రి అన్న మాటకు ఇది చాలావరకు సమాధానం.

ఇక భయం సంగతి. అది అక్కరలేని భయమని చెప్పడం తప్పు. 2012లో స్కాట్లండ్‌లో తొమ్మిదేళ్ల మార్తా పేన్ తన బడి భోజనం ఫొటోలు పెట్టి, ఎలా ఉందో మార్కులు వేస్తూ బ్లాగు రాయడం మొదలుపెట్టింది. కొన్ని వారాల్లోనే లక్షలమంది చూశారు. అక్కడి స్థానిక కౌన్సిల్ ఫొటోలు తీయొద్దని నిషేధం పెట్టి, దేశమంతా గొడవ కావడంతో వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ బ్లాగు వల్ల మేరీస్ మీల్స్ అనే సంస్థ ద్వారా పేద దేశాల బడిపిల్లల భోజనానికి లక్ష పౌండ్లకు పైగా విరాళాలు పోగయ్యాయి. ఆ కథ అంత మంచిగా నడవడానికి తండ్రి మొదటినుంచీ పక్కనే ఉండటం ఒక కారణం. అంత గుంపు ఒక పిల్ల మీదికి ఒక్కసారి వచ్చిపడితే పెద్దల తోడు లేకుండా నిభాయించుకోలేదు.

అందుకని మొదటి ఏడాది చదివేవాళ్లను పిలిచిమరీ తెచ్చుకోవాలి. గూగుల్ వారి బ్లాగర్ వేదికలో తాము ఆహ్వానించినవాళ్లకు మాత్రమే కనిపించే ఏర్పాటు ఉంది. బంధువులు, టీచరుగారు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు, వేరే ఊళ్లో ఉన్న తన ఈడు పిల్ల ఒకతె ఉంటే చాలు. గూగుల్ ఖాతా సొంతంగా తెరవడానికి 13 ఏళ్లు నిండాలి కాబట్టి ఖాతా తల్లి పేరున ఉండాలి, పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉండాలి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. పిల్ల కలం పేరుతో రాయాలి. బడి పేరు, ట్యూషన్ వేళలు, ఇంటి గుర్తులు, యూనిఫాంతో దిగిన ఫొటోలు ఉండకూడదు. ఫోనుతో తీసిన ఫొటోలో ఆ చోటు వివరం కూడా నిక్షిప్తమై ఉండవచ్చు, దాన్ని తీసేసి పెట్టాలి. ఊరి పేరు, కల్లం, మిర్చి యార్డు ఘాటు రాస్తే ఇబ్బంది లేదు. ఇతరుల గురించి రాసేటప్పుడు వాళ్లను అడిగి రాయడం కూడా పిల్ల నేర్చుకోవాల్సిన మర్యాదే. వ్యాఖ్యలు ముందు తల్లి చూసి విడుదల చేయాలి. ఎంతమంది చూశారన్న లెక్క పిల్లకు కనబడకుండా ఉంచితే మంచిది, ఎవరేమి అడిగారన్నదే చెప్పాలి.

పిల్లకు కోపం, దిగులు, అవమానం కలిగిన సంగతులకు వేరే నోటుపుస్తకం ఉండాలి. మనసులో బాధను కాగితం మీద పెట్టడం వల్ల ఊరట ఉంటుందని మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980ల నుంచి చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ ప్రయోగాల్లో రాసినవాళ్ల రాతలను గోప్యంగా ఉంచారు. ఆ పుస్తకాన్ని తల్లి కూడా తెరవకూడదు.

రోజూ రాయమంటే ఏ పిల్లా నిలబడదు. వారానికొకసారి, ఒక పేజీ సరిపోతుంది. ఏం రాయాలో తోచని వారం తప్పకుండా వస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక పని ఎలా చేస్తారో అడిగి రాయమనవచ్చు: ఆవకాయ పెట్టడం, కరెంటు మీటరు చదవడం, తాతయ్య సైకిలుకు పంక్చరు వేయడం. పరీక్షల నెలలో ఆపి, సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టినా అలవాటు చెడదు. రాసిన ప్రతిదాన్నీ ఒక ఫైలులో, ఒక కాగితపు ప్రతిలో దాచాలి. వెబ్‌సైట్లు మూతపడుతుంటాయి, ఖాతాలు పోతుంటాయి. పిల్ల పెద్దదయ్యాక పాతవి కొన్ని తీసేయమంటే, కారణం అడగకుండా తీసేయాలి.