ఆమ్ల నేలలలో పొట్టి ఎజేలియా పొదల పెంపకము

తెచ్చిన నాడు ఆకు కనబడకుండ పూచియున్న ఎజేలియా మొక్క కొన్ని నెలలకే పసుపుబారి, ఏడాది తిరుగకముందే ఎండిపోవుట తరచు జరుగుచుండును. యజమాని ఎరువు చాలలేదని తలచి పచ్చి పెంట వేయును, పొయ్యిబూడిద చల్లును. దానితో మొక్క మరింత త్వరగా పోవును. ఇచట లోపము ఎరువులో లేదు. నేలలోను, నీటిలోను ఉన్నది. ఈ రెండింటిని ముందుగా పరీక్షించుకొన్నచో డబ్బు, శ్రమ రెండును దక్కును.

మొక్క పుట్టుపూర్వములు

ఎజేలియాలు రోడోడెండ్రాను ప్రజాతికి చెందిన పొదలు. 1753లో లిన్నేయస్ వీనిని వేరు ప్రజాతిగా లెక్కించెను గాని, తరువాతి శాస్త్రజ్ఞులు రోడోడెండ్రానులోనే చేర్చిరి. ఏడాది పొడవున ఆకుతో నుండు పొట్టి రకములలో పెక్కింటికి పుట్టినిల్లు జపాను దేశము. క్యూషూ దీవిలోని కురుమే పట్టణమున 19వ శతాబ్దపు తొలి భాగములో సకమోతో మోతోజో అను తోటకాపు వీనిని ఎంచి పెంచెను. 1918లో ఇ. హెచ్. విల్సన్ ఆ పట్టణమునకు వెళ్లి 50 రకములను ఎన్నిక చేసి అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమునకు చేర్చెను. కురుమే రకములు చిన్న ఆకులతో, గుబురుగా, నెమ్మదిగా పెరుగును. ఎర్రని పూల 'హినోడెగిరి' ఈ తెగలోనిదే.

'సాత్సుకి' అనునది మరియొక తెగ. ఆ పేరునకు పాత జపాను పంచాంగపు ఐదవ నెల యని అర్థము. ఆలస్యముగా పూయుటచే ఆ పేరు వచ్చినది. ఈ తెగలోని 'గుంపో' రకము మోకాలి ఎత్తు దాటుట అరుదు. చిన్న పెరడునకును, కుండీలకును ఇది మిక్కిలి అనువైనది.

ఏ చోట పెంచవచ్చును?

ఈ మొక్కకు చల్లని రాత్రులు, తేమగల గాలి, ఆమ్ల గుణముగల నేల కావలెను. మన దేశములో డార్జిలింగు, సిక్కిం, నీలగిరి కొండలు వీనికి తగిన తావులు. నీలగిరులలో ఎర్రని పూల రోడోడెండ్రాను చెట్టు సహజముగానే పెరుగుచున్నది. మన రాష్ట్రమున సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తునగల అరకు, ఆ చుట్టునున్న పాడేరు, చింతపల్లి కొండప్రాంతముల పెరళ్లలో ప్రయత్నించవచ్చును. డెల్టా నల్లరేగళ్లలోను, రాయలసీమ ఎండలలోను దీనిని నేలలో నాటవలదు. అచటివారు ఒకటి రెండు మొక్కలను నీడపట్టున కుండీలలో పెంచి చూచుకొనుట మేలు.

నేల పరీక్ష

నేల పులుపును ఉదజని సూచికతో కొలుతురు. 7 తటస్థము, అంతకు తక్కువైనచో ఆమ్లము, ఎక్కువైనచో క్షారము. ఒక అంకె తగ్గినచో ఆమ్లత పది రెట్లు పెరిగినట్లు లెక్క. ఎజేలియాకు 4.5 నుండి 6 వరకు అనుకూలము. నేల క్షారమైనకొద్దీ అందలి ఇనుము కరుగక బిగుసుకొనిపోవును. ఇనుము నేలలో ఉండియు వేరునకు అందదు. అందుచే లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును.

పెరటిలో నాలుగైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి భూసార పరీక్షా కేంద్రమునకు పంపుడు. ఈలోగా ఇంటియొద్ద ఒక పరీక్ష చేయవచ్చును. పొడి మట్టిపై కొంచెము వెనిగరు పోయుడు. బుసబుస పొంగినచో ఆ మట్టిలో సున్నమున్నదని అర్థము, అచట నాటవలదు. పొంగనంతమాత్రమున నేల ఆమ్లమని నమ్మరాదు. కేంద్రపు ఫలితము వచ్చువరకు ఆగవలెను.

సూచిక 6.5 ప్రాంతమున నున్నచో, నాటుటకు మూడు నెలలు ముందుగా గంధకపు పొడిని మట్టిలో కలుపుడు. తేలిక నేలలకు చదరపు మీటరుకు సుమారు 50 గ్రాములు, బంకనేలలకు అంతకు రెండు మూడు రెట్లు పట్టును. నేలలోని సూక్ష్మజీవులు గంధకమును ఆమ్లముగా మార్చుటకు తడియు, కాలమును కావలెను. కావున మరల పరీక్షించిన తరువాతనే నాటుడు. సున్నపు నేలలో గంధకము వేసినను వ్యయమే మిగులును.

నాటు పద్ధతి

ఎజేలియా వేళ్లు దారపు పోగులవలె సన్ననివి; నేల పైపొరలోనే పరచుకొనును. అందుచే గుంత లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా నుండవలెను. ఎర్రమట్టి, బాగుగా చివికిన ఆకుమట్టి, కడిగిన కొబ్బరిపొట్టు సమపాళ్లుగా కలిపి నింపుడు. కొబ్బరిపొట్టులోని ఉప్పు పోవునట్లు రెండు మూడు మారులు మంచినీటితో కడుగుట మరువరాదు. అరకు కాఫీతోటలలో రాలు సిల్వర్ ఓక్ ఆకులను చివికించి ఆకుమట్టిగా వాడుకొనవచ్చును.

మొక్క మట్టిముద్ద పైభాగము నేలకంటె 2–3 సెంటీమీటర్లు ఎత్తుగా నుండునట్లు నాటుడు. లోతుగా నాటినచో వేరు ఊపిరాడక కుళ్లును. మొక్కకు మొక్కకు 60–90 సెంటీమీటర్ల ఎడము చాలును. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ తగును. మొదలు చుట్టును ఎండుటాకులను 5 సెంటీమీటర్ల మందమున పరచి, కాండమునకు తగులకుండ కొంచెము ఎడముంచుడు. పారతో త్రవ్వవలదు, కలుపును చేతితోనే పెరుకుడు.

సిమెంటు గోడకు కనీసము మీటరు దూరమున నాటుట మంచిది. గోడనుండి కారు సున్నము నేలను క్షారముగా మార్చును. పండుగకు వెల్లవేయునప్పుడును, రాతిముగ్గు వేయునప్పుడును ఆ పొడి మొక్క మొదట పడకుండ చూచుకొనుడు.

నీరు

పప్పు ఉడకని నీరు, సబ్బు నురుగు రాని నీరు, కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టు నీరు ఈ మొక్కకు పనికిరాదు. అట్టి బోరునీటితో ఎంత మంచి ఆమ్ల నేలయైనను క్రమముగా చెడును. పెంకుటింటి చూరునీటిని తొట్టిలో పట్టి నిలువయుంచుకొనుట ఉత్తమము. మట్టి ఎల్లప్పుడు చెమ్మగా నుండవలెను గాని నీరు నిలువరాదు.

ఎరువు, కత్తిరింపు

పూత ముగిసిన వెంటనే చదరపు మీటరుకు 15 గ్రాముల అమ్మోనియం సల్ఫేటు చల్లి నీరు పెట్టుడు. ఆరేడు వారములకు మరియొకసారి వేయవచ్చును. బూడిద, సున్నము, ఎముకల పొడి, కోళ్లయెరువు, కాల్షియం నైట్రేటు వేయరాదు. లేత ఆకులు పసుపుబారినచో లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రము పిచికారి చేయుడు. ముందుగా ఒక కొమ్మపై చూచి, ఆకు మాడనిచో మిగతా పొదకు కొట్టుడు. ఇది తాత్కాలికపు మందు మాత్రమే. నేలను, నీటిని సరిచేయుటయే అసలు చికిత్స. శీతాకాలమునకు ముందు అడుగు ఆకులు కొన్ని పండి రాలుట సహజము. దానికి మందు అక్కరలేదు.

కత్తిరింపు పూత ముగిసిన నెలలోపల పూర్తిచేయుడు. వచ్చు ఏటి మొగ్గలు నెలల ముందుగానే కొమ్మల చివర ఏర్పడును. ఆలస్యముగా కత్తిరించినచో పూతనే కత్తిరించినట్లగును.

తెగుళ్లు, పురుగులు

మట్టి తడిగా నున్నను మొక్క వాడినచో వేరుకుళ్లు తెగులని అనుమానింపుడు. నీరు పోవు మార్గము చేయుటయే దీనికి ముఖ్యమైన నివారణ. ఆకుపైన తెల్లని చుక్కలు, అడుగున నల్లని మరకలు కనబడినచో అది వలరెక్కల నల్లి పని. మిక్కిలి ఎండలోనున్న మొక్కలకు ఇది ఎక్కువగా పట్టును. ఆకు అడుగుభాగము తడియునట్లు వేపనూనె మందు కొట్టుడు.

ముఖ్యమైన హెచ్చరిక

ఎజేలియా ఆకు, పువ్వు విషము. వీనిలోని గ్రయనోటాక్సిను మేకలకు, గొర్రెలకు, పశువులకు ప్రాణాపాయము కలిగించగలదు. మేసిన జీవము చొంగ కార్చును, కక్కును, కాళ్లు తడబడి కూలబడును. వెంటనే పశువైద్యుని పిలువవలెను. కత్తిరించిన కొమ్మలను దొడ్డిలోనో, పెంటదిబ్బపైనో పారవేయక గోతిలో పూడ్చుడు. మేకలు తిరుగు వాకిట కంచె లేకుండ ఈ మొక్క నాటవలదు. పంచాయతీ, పాఠశాల ఆవరణలలో పెంచదలచిన గ్రామాధికారులు పిల్లలు ఆకులు, పూలు నోటబెట్టకుండ ముందే చెప్పియుంచవలెను.

మొదటి ఏడు రెండు మొక్కలకు మించి కొనవలదు. అవి ఒక వేసవి, ఒక వానకాలము దాటి మరల మొగ్గ తొడిగినచో మీ నేల, మీ నీరు సరిపడినవని తెలిసికొని, అప్పుడు వరుస నాటుకొనుడు.