వేసవి గాలివానలు, కార్చిచ్చులు: పొలంలో, అడవి అంచున తీసుకోవాల్సిన జాగ్రత్తలు

తెలుగు రాష్ట్రాల్లో మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు గాలి రెండు విధాలుగా నష్టం తెస్తుంది. ఉరుములతో వచ్చే ఈదురుగాలి కోతకొచ్చిన పైరును పడగొట్టి, కాయలు రాల్చి, కల్లాల్లోని ధాన్యాన్ని తడుపుతుంది. చినుకు లేని పొడిగాలి ఆరని నిప్పురవ్వను పెద్ద మంటగా మార్చి కొండలకు ఎక్కిస్తుంది. రెండింటికీ మూలం మధ్యాహ్నపు ఎండకు కాగిన నేలే. అందువల్ల వేసవిలో పొలం పనులను గాలిని బట్టి నిర్ణయించుకోవాలి.

గాలివాన ఎలా పుడుతుంది

వేసవిలో బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి, భూభాగం మీది వేడి పొడిగాలి తెలంగాణ, రాయలసీమల మీదుగా సాగే ద్రోణి వెంబడి కలుస్తాయి. నేల బాగా వేడెక్కిన మధ్యాహ్నం తర్వాత గాలి వేగంగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలు కడతాయి. ఆ మేఘాల నుంచి పడే చినుకులు దారిలో కొంత ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నలువైపులా విరజిమ్ముకుంటుంది. వానకు ముందే గాలి దుమారం రావడానికి కారణం ఇదే. మబ్బు కమ్మాక పనులు సర్దుకోవడానికి మిగిలే సమయం చాలా తక్కువ.

గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న అరటి తోట 60 కిలోమీటర్ల గాలికి నేలకొరగడానికి కారణం అదే.

సూచనలను చదవడం

వాతావరణ శాఖ హెచ్చరికలకు నాలుగు రంగులు వాడుతుంది. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి. ఐదు రోజుల సూచనను చూసి కోతలు నిర్ణయించుకోవాలి. రాబోయే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచన కల్లం దగ్గర పనికొస్తుంది. ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలు మేఘదూత్ యాప్‌లో, పిడుగుల హెచ్చరికలు దామిని యాప్‌లో దొరుకుతాయి.

పంటల్లో, కల్లాల్లో

దాళ్వా లేదా యాసంగి వరి కోతకు సిద్ధమైతే హెచ్చరిక ఉన్న రోజులకు ముందే కోయాలి. కోసిన పనలు పొలంలో ఉండగా వాన వచ్చే సూచన ఉంటే వాటిని కుప్ప వేసి టార్పాలిన్ కప్పాలి. పడిపోయిన చేలో నీటిని వెంటనే తీసేయాలి. గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులపై పిచికారీ చేయాలి. తడిసిన ధాన్యాన్ని ఆరబెట్టే వీలు వెంటనే లేకపోతే, క్వింటాకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే మొలక రాదు. కొనుగోలు కేంద్రాల్లో వరి ధాన్యానికి 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం తేమ వరకే అనుమతి ఉంటుంది. కల్లం ఎత్తయిన చోట ఉండాలి, చుట్టూ చిన్న కాలువ తీయాలి. తడిసిన మిర్చి, మొక్కజొన్నలకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం చేరే ప్రమాదం ఉంది కాబట్టి తడిసిన సరుకును పొడి సరుకుతో కలపకూడదు.

గెల వేసిన అరటి చెట్లకు గెల వాలిన వైపు రెండు వెదురు బొంగులను కత్తెరలా నిలిపి ఊతమివ్వాలి. మామిడిలో తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి పక్వానికొచ్చిన కాయలను ముందే కోసుకోవాలి. గాలి తగ్గాక విరిగిన కొమ్మలను నునుపుగా కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టు పూయాలి. శాశ్వత రక్షణకు గాలి వీచే వైపు సరుగుడు వంటి చెట్లను వరుసలుగా పెంచాలి. చెట్టు ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం వరకు వాటి వెనుక గాలి తీవ్రత తగ్గుతుంది.

ఉరుము వినిపిస్తే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. పని ఆపి పక్కా భవనంలోకి చేరాలి. చెట్ల కింద, మోటారు స్టార్టర్ల దగ్గర, కరెంటు స్తంభాల పక్కన నిలబడకూడదు. పశువులను చెట్లకు కట్టేయకూడదు.

కార్చిచ్చు ప్రమాదం

ఫిబ్రవరి నుంచి తొలకరి వరకు నల్లమల, శేషాచలం, ఆదిలాబాద్, భద్రాద్రి ప్రాంతాల అడవుల్లో ఆకు రాలి నేల మీద పొరలుగా పేరుకుంటుంది. గాలిలో తేమ అతి తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ ఆ ఆకు ఇట్టే అంటుకుంటుంది. గాలి మంటను ముందుకు వంచి ఎదురుగా ఉన్న ఆకును ఎండబెడుతుంది, నిప్పురవ్వలను దూరంగా విసురుతుంది. ఏటవాలు నేల మీద మంట పైకి మరింత వేగంగా పాకుతుంది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు మంటలార్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది.

ఈ మంటల్లో అత్యధికం మనుషుల వల్ల పుట్టేవే. తునికి చెట్లు కొత్త చిగురు వేయాలని, ఇప్ప పువ్వు ఏరడానికి నేల శుభ్రం కావాలని, పశువులకు లేతగడ్డి రావాలని నిప్పు పెడతారు. ఆర్పకుండా పడేసిన బీడీ, పొలంలో కాల్చిన మోళ్లు కూడా కారణమవుతాయి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం.

అడవికి ఆనుకున్న మామిడి, జీడిమామిడి తోటల్లో గట్టు వెంబడి మూడు నాలుగు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి, రాలిన ఆకు తీసేసి దున్ని ఉంచాలి. ఇప్ప చెట్ల కింద ఆకును కాల్చకుండా ఊడ్చి, పాత చీరలు లేదా వలలు పరిచి పువ్వు పట్టుకోవచ్చు. గాలికి ఊగే కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలి రవ్వలు రాలుస్తాయి కాబట్టి వాటి కింద గడ్డివాము వేయకూడదు. వేలాడే తీగల గురించి విద్యుత్ సిబ్బందికి ముందే చెప్పాలి. మంట కనిపిస్తే అటవీ సిబ్బందికి, 101 లేదా 112కు తెలపాలి. మంటకు ఎగువన, గాలి మంటను నెట్టే వైపున ఎవరూ వెళ్లకూడదు.

మోళ్లు కాల్చకుండా దుక్కి

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, పొటాష్ ఉన్న బూడిదను ఈదురుగాలి ఎగరేసుకుపోతుంది. పైమట్టిలోని మేలుచేసే జీవులు కూడా నశిస్తాయి. అకాల వాన పడి నేల పదునైనప్పుడు రోటవేటరుతో మోళ్లను కలియదున్నాలి. మెట్ట భూముల్లో వాలుకు అడ్డంగా లోతు దుక్కి చేస్తే వాననీరు ఇంకుతుంది, నేలలోని పురుగుల కోశాలు బయటపడి ఎండకు చస్తాయి. నీటి వసతి ఉన్న చోట జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూతకొచ్చాక కలియదున్నితే వానకాలపు పైరుకు పచ్చిరొట్ట ఎరువు అందుతుంది.