మనోచికిత్స – ఆత్మపరిచయము

దేహమునకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళుటకు ఎవరును సిగ్గుపడరు. మనస్సు నలిగినప్పుడు మాత్రము ఆ సంగతి పొరుగింటికి తెలియనీయరు. మనోచికిత్స అనగానే పిచ్చి, ఎర్రగడ్డ అను మాటలే మనవారికి స్ఫురించును. ఆ చికిత్స రోగులకు మాత్రమే ఉద్దేశింపబడినది కాదనియు, వయసు వచ్చిన మనిషి తన్ను తాను తెలిసికొనుటకు, తన అక్కరను తాను గుర్తించుటకు అది తోడ్పడుననియు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా రెండు మాటలకు గల భేదమును గమనింపవలెను. తెలుగులో కోరిక, అక్కర అనియు, ఉర్దూలో ఖ్వాహిష్, జరూరత్ అనియు వేరువేరు పదములున్నవి. కోరికను మనము నోటితో చెప్పగలము. అక్కర తరచుగా మనకే తెలియక లోపల దాగియుండును. పసిబిడ్డ ఏడ్చిన, ఆకలియో నిద్రయో తల్లి కనిపెట్టును. పెద్దవారికి అట్లు కనిపెట్టువారు అరుదు. గుర్తింపునకు రాని అక్కర కోపముగానో, నిద్రలేమిగానో, కారణము తెలియని అలసటగానో బయటపడును.

ఈ విచారణ పాశ్చాత్యుల సొత్తు మాత్రమే కాదు. క్రీ.శ. 850 ప్రాంతమున జన్మించి 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అను పండితుడు, దేహమునకును మనస్సునకును వలసిన పోషణను గూర్చి ఒక గ్రంథమును రచించినాడు. అందు కోపము, భయము, దుఃఖము, విడువక వేధించు ఆలోచనలు అను నాలుగింటిని చర్చించినాడు. కారణము తెలిసిన దుఃఖమును, కారణము తెలియని దుఃఖమును వేరు చేసి చూపినాడు. ఆపత్సమయమునకై ఇంట ఔషధములు దాచుకొన్నట్లే, మనస్సునకై మంచి ఆలోచనలను సిద్ధపరచుకొనవలెనని బోధించినాడు. కనుక మనోచికిత్సను కోరుట విశ్వాసలోపమను వాదము నిలువదు.

ఆధునిక కాలమున, 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ ప్రకటించిన గ్రంథములో ఒక యువతి తన బాధను మాటలలో పెట్టినకొలది ఉపశమనము పొందినట్లు వర్ణింపబడినది. దానికి మాటల చికిత్స అను పేరు పెట్టినది ఆ యువతియే. తరువాత అమెరికా దేశీయుడగు కార్ల్ రోజర్స్ 1951లో వెలువరించిన గ్రంథమున, చికిత్సకుడు ఉపదేశకుడు కారాదనియు, తీర్పు చెప్పక శ్రద్ధతో వినినచో మనిషి తన మార్గమును తానే కనుగొననగుననియు ప్రతిపాదించినాడు.

ఇది ఎట్లు జరుగునో ఒక కల్పిత ఉదాహరణముతో చూతము. ఖమ్మం మిర్చి మార్కెటులో ఒక గుమాస్తా ఉన్నాడనుకొందము. అతడు రాత్రి ఇంటికి వచ్చి, మార్కులు తగ్గినవని కుమారునిపై మండిపడును. కుమారుడు చదువవలెననునదే తన అక్కర అని అతని నమ్మకము. చికిత్సకుడు అతనిని మందలింపడు. కోపము వచ్చుటకు ముందు ఏమనిపించినదని అడుగును. కొన్ని వారములకు అతడు, తండ్రి పోయిన ఏడు తాను చదువు మానుకొని చెల్లెండ్రను సాకిన సంగతి చెప్పును. నీకేమి కావలెనని నాడు ఎవరును అడుగలేదు. నేటికిని ఎవరును అడుగుట లేదు. తన శ్రమను ఎవరైన గుర్తింపవలెనను ఆశయే కోపమైనదని అప్పుడతనికి తెలియును. తెలిసిన పిదప భార్యతో ఆ మాట చెప్పుకొనగలడు. కుమారుని వేరొక మనిషిగా చూడగలడు.

గోపీచంద్ రచించిన "అసమర్థుని జీవయాత్ర"లోని సీతారామారావు ఇట్టి వెలుగు దొరకనివాడు. వంశప్రతిష్ఠ అను భ్రమలో ఆస్తిని పోగొట్టుకొని, తనవారికి దూరమై, తన్ను తానే నాశనము చేసికొన్నాడు. అతనికి ఆలోచన లేక కాదు. ఆ ఆలోచనను ఓర్పుతో విని, దారి చూచుకొనుటకు తోడ్పడు మనిషి కరవైనాడు.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి మన పట్టణపు లోతట్టు కాలనీలను ముంచినది. పోయిన సామానునకు లెక్క కట్టవచ్చును. వాన చప్పుడు వినగానే గుండె దడదడలాడు మనిషికి ఏమి కావలెనో ఏ లెక్కలోనికిని రాదు. అతడు చెప్పుకొనవలెను, మనము వినవలెను.

చికిత్సకు హద్దులు కలవు. అది అప్పు తీర్పదు, ఉద్యోగమియ్యదు. తీవ్రమైన మనోవ్యాధికి మానసిక వైద్యుడు, మందులు అవసరము. మానసిక ఆరోగ్య సంరక్షణను పొందు హక్కును, ఆ వివరములు గోప్యముగా ఉండు హక్కును 2017 నాటి చట్టము ప్రసాదించినది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే ఉచితముగా మాట్లాడవచ్చును.

విద్యార్థులారా! ఇంట పెద్దల కోపము వెనుక ఒక అడుగని ప్రశ్న ఉండవచ్చునని గ్రహింపుడు. మీరును పెద్దవారగుచున్నారు. మీ అక్కరను చెప్పుకొనుటకు నేడే మాట నేర్చుకొనుడు. సిగ్గువలన ఒక్క విద్యార్థియైనను మౌనముగా నలిగిపోరాదని మా కోరిక. వినుటకు ఒక గదిని, ఒక మనిషిని సమకూర్చవలెనని కళాశాల కమిటీ వారికి మా విన్నపము.