ఉలుకూ పలుకూ లేని ప్రోగ్రామ్

ప్రోగ్రామ్ పని చేస్తోందో, చచ్చిపోయిందో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? బటన్ మళ్ళీ నొక్కుతాడు. అప్పటికీ కదలకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి దాని పీక నొక్కుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఈసారి ఆ సంగతి మాట్లాడుకుందాం. ఉదాహరణలు డాట్‌నెట్‌వి, జావా మిత్రులకి పేర్లు మారతాయి, అంతే.

ఇక్కడ కువైట్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ పేరోల్ ప్రోగ్రామ్ బాగుచెయ్యమంటే వెళ్ళాను. సుమారు 3,000 మంది కార్మికులు. వాళ్ళలో కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళూ ఉన్నారు. నెలాఖరున అకౌంటెంట్ "ప్రాసెస్" బటన్ నొక్కితే ఒక్కొక్కరి హాజరు, ఓవర్‌టైమ్, అడ్వాన్సు కోతలు లెక్కకట్టి, చివర్లో బ్యాంకుకి పంపే ఫైలు తయారవుతుంది. దీనికి 12 నిమిషాలు. అంతసేపూ విండో పాలిపోయి ఉంటుంది, పైన "నాట్ రెస్పాండింగ్" అని రాసి ఉంటుంది. పాత అకౌంటెంట్‌కి అలవాటైపోయి, బటన్ నొక్కి టీకి వెళ్ళేవాడట. కొత్తగా వచ్చినాయన మధ్యలో చంపేసి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పటికే లెక్క అయిపోయినవాళ్ళందరికీ అడ్వాన్సు వాయిదా రెండోసారి కూడా కోతపడింది. నెలకి 100 దీనార్లు వచ్చే మనిషికి అదనంగా 10 దీనార్లు పోవడమంటే ఆ నెల ఇంటికి పంపే డబ్బుకి గండి పడ్డట్టే.

లోపల జరిగేది ఇది. విండోస్ ప్రోగ్రామ్‌లో మౌస్ క్లిక్కులు, కీబోర్డు నొక్కులు, "నన్ను మళ్ళీ గియ్యి" అనే విండో అభ్యర్థనలు, అన్నీ ఒకే క్యూలో నిలబడతాయి. ఆ క్యూని చూసుకునేది ఒక్క థ్రెడ్డే. 3,000 మంది లెక్కని బటన్ క్లిక్‌లోనే రాస్తే, కౌంటర్లో గుమాస్తా మొదటి టోకెన్‌వాడి ఫైలు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయినట్టే. అయిదు సెకన్లు ఎవరూ పలకకపోతే, విండోస్ ఎక్స్‌పీ నుంచీ, సిస్టమే ఆ విండో స్థానంలో ఒక నకలు విండో నిలబెట్టి, స్పందించడం లేదని రాస్తుంది.

దీనికి చాలామంది వేసే చిట్కా, లూప్ మధ్యలో "డూ ఈవెంట్స్" పిలవడం. విండో కదులుతుంది, నిజమే. కానీ క్యూలో ఉన్న రెండో క్లిక్ కూడా అప్పుడే అమలవుతుంది. అంటే మొదటి పేరోల్ సగంలో ఉండగా దాని లోపలే రెండోది మొదలవుతుంది. ఇంతకంటే పాలిపోయిన విండోయే నయం!

సరైన దారి పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించడం. 2005లో డాట్‌నెట్ 2.0తో "బ్యాక్‌గ్రౌండ్ వర్కర్" వచ్చింది. 2012లో సి షార్ప్ 5 "అసింక్, అవెయిట్" తెచ్చాక పని ఇంకా తేలికైంది. "ప్రోగ్రెస్" క్లాసు ఆబ్జెక్టుని మాత్రం స్క్రీన్ థ్రెడ్ మీదే సృష్టించండి. అది పుట్టిన చోటుకే కబుర్లు చేరవేస్తుంది. సెకనుకి నాలుగైదు కబుర్లు చాలు. లక్ష వరుసలకీ లక్ష కబుర్లు పంపితే క్యూ మళ్ళీ నిండిపోతుంది.

ఇక అసలు విషయం, బార్ మీద ఏం చూపించాలి? శాతం చూపించే బార్లను జనం ఇష్టపడతారని బ్రాడ్ మయర్స్ 1985లోనే పరిశోధించి చెప్పారు. నేను మాత్రం శాతంతో పాటు "1,850 / 3,000" అని కూడా పెట్టాను. అకౌంటెంట్లు అంకెల మనుషులు కదా! అంతకన్నా ముఖ్యం, ఆ 1,850 అంటే లెక్కించినవాళ్ళు కాదు, డేటాబేస్‌లో కమిట్ అయినవాళ్ళు. యాభైమందికి ఒక ట్రాన్సాక్షన్ చేశాం. ప్రతి మనిషి వరుసకీ ఆ నెల పేరోల్ నంబరు తగిలించాం; అది ఉన్నవాళ్ళని ప్రోగ్రామ్ మళ్ళీ ముట్టుకోదు. ఇప్పుడు కరెంటు పోయినా, ఎవరైనా చంపినా, ఆగిన చోటునుంచే మొదలవుతుంది.

మొత్తం పని ఒకే స్టోర్డ్ ప్రొసీజర్‌లో ఉంటే ఎంత అయిందో బయటికి తెలియదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్, రిస్టోర్ లాంటి వాటికి శాతం చెబుతుంది గానీ మామూలు క్వెరీలకి చెప్పదు. అప్పుడు పనిని ముక్కలు చెయ్యండి, లేదా అటూ ఇటూ తిరిగే బార్ పెట్టండి. టైమర్ పెట్టి బార్‌ని ఊరికే 99 దాకా జరిపి అక్కడ కూర్చోబెట్టకండి. అది పచ్చి అబద్ధం, రెండో నెలకే పట్టుబడుతుంది.

"రద్దు" బటన్ కూడా పెట్టాం. అది నడుస్తున్న యాభైమందిని పూర్తిచేసి ఆగుతుంది, ఆ మాట స్క్రీన్ మీదే రాశాం. బ్యాంకు ఫైలు రాసేటప్పుడు మాత్రం ఆ బటన్ పనిచెయ్యదు.

చివరగా ఇక్కడివాళ్ళ కోసం ఒక మాట. అరబీ స్క్రీన్‌లో బార్ కుడినుంచి ఎడమకి నిండాలి. విండోస్ ఫార్మ్స్‌లో "రైట్ టు లెఫ్ట్" ఒక్కటే పెడితే సరిపోదు, "రైట్ టు లెఫ్ట్ లేఅవుట్" కూడా ట్రూ చెయ్యాలి.