దంత సంరక్షణ

అద్దం ముందు నిలబడి ఒకసారి నోరు తెరిచి చూసుకోండి. మీ నోట్లో ఇప్పుడు రెండు రకాల పళ్లు ఉండవచ్చు. కొన్ని పాలపళ్లు, కొన్ని జీవితాంతం ఉండవలసినవి. పాలపళ్లు మొత్తం 20. జ్ఞానదంతాలతో కలిపి పెద్దవాళ్లకు 32 పళ్లు ఉంటాయి.

వీటిలో ఒక పన్ను సంగతి చాలామందికి తెలియదు. సుమారు ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వరుసకు వెనుకగా, ఏ పన్నూ ఊడకుండానే పెద్ద దవడపన్ను ఒకటి మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఏదీ ఊడలేదు కనుక ఇదీ పాలపన్నే అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పుచ్చితే, “పోనీలే, ఊడి మళ్లీ వస్తుంది” అంటారు. కాని అది పోతే ఇక రాదు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది? పంటి పైపొరను ఎనామిల్ అంటారు. శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. మనం తిన్న తీపి పదార్థాలు, పిండి పదార్థాలు పళ్ల సందుల్లో ఇరుక్కుంటే, నోట్లోని సూక్ష్మజీవులు వాటి నుంచి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అంత గట్టి ఎనామిల్‌నూ ఆ ఆమ్లం కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఎనామిల్‌లో నరాలు లేవు. అందుచేత మొదట్లో నొప్పి తెలియదు. గుంట లోతుగా పోయి, నరం దగ్గరకు చేరినప్పుడే పన్ను పోటు పెడుతుంది. సంతల్లో కొందరు పొగపెట్టి పంటిలోని పురుగు తీశామని చూపిస్తుంటారు. అదంతా కనికట్టు. పంటిలో పురుగు ఉండదు.

పొద్దున పళ్లు తోముకోనిదే కాఫీ ఇవ్వని ఇళ్లు మనవి. మంచి అలవాటే. కాని రాత్రి తోముకోవడం అంతకంటే అవసరం. ఆమ్లాన్ని పలుచన చేసేది లాలాజలం. నిద్రలో అది చాలా తక్కువగా ఊరుతుంది. మిఠాయి తిని అలాగే పడుకున్నవారి పళ్లకు రాత్రంతా కాపలా లేనట్లే.

మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షు మీద బఠాణీ గింజంత పేస్టు చాలు. చిగురు నుంచి పంటి కొన వైపుకు, లోపలా బయటా, రెండు నిమిషాలు తోముకోవాలి. అడ్డంగా బలంగా రుద్దితే చిగుళ్లు దెబ్బతింటాయి. వేపపుల్ల వాడేవారు దాని కొనను మెత్తగా నమిలి కుంచెలా చేసుకోవాలి. అయినా దవడపళ్ల వెనుకకు అది సరిగా అందదు. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిని అరగదీస్తాయి. ఒడిశాలో గుడాకు, మహారాష్ట్రలో మిశ్రీ అనే వాటితో కొందరు పళ్లు రుద్దుకుంటారు. రెండూ పొగాకుతో చేసినవే. పళ్లు తోముకోవడమనే పేరుతో మొదలై, మానలేని అలవాటుగా మారి, నోటి క్యాన్సరుకు దారితీస్తాయి.

కోలారు, పావగడ, ధర్మపురి ప్రాంతాల్లో కొందరి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. అది అశుభ్రత కాదు. తాగేనీటిలో ఫ్లోరైడు మితిమీరడం వల్ల వచ్చినవి. ఎంత తోమినా పోవు. వాటిని చూసి తోటివారిని వెక్కిరించడం తగదు.

నొప్పి లేకపోయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు దంతవైద్యునికి చూపించుకోవాలి. చిన్న గుంటను ఆయన తేలికగా పూడుస్తారు. అదే నరం దాకా పోతే వైద్యం పెద్దదవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. గార తీయిస్తే పళ్లు కదులుతాయని, పైపన్ను పీకిస్తే చూపు పోతుందని కొందరు భయపడతారు. రెండూ అపోహలే. నిజానికి పళ్లను వదులు చేసేది గారే.

డాక్టరు తమిళంలో ‘పల్’ అన్నా, కన్నడంలో ‘హల్లు’ అన్నా అది మన పల్లే. మరాఠీ ‘దాత్’, ఒడియా ‘దాంత’ మన దంతానికి చుట్టాలే. ఇంట్లో అవ్వకో తాతకో అక్కడి భాషలో చెప్పడం కష్టమైతే మీరు వెంట వెళ్లండి. ఏ పన్ను, ఎన్నాళ్లుగా బాధిస్తోంది, చల్లనీళ్లకు జివ్వుమంటుందా, వేడికా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతుందా - ఇవి బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఇవే.